కూర్చుని చెప్పే మాట

జైతూనక్కకీ నాకూ పడదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నేను ఆవిడని మెచ్చుకుంటే అది మొహమాటం కాదని మీకు తెలియాలి. మా రెండిళ్ళ మధ్య ఉన్నది కొబ్బరాకుల దడి ఒక్కటే. ఆవిడ పొయ్యి పొగ నా వాకిట్లోకి వస్తుంది, నా బాడిశ దెబ్బలు ఆవిడ చెవుల్లోకి వెళ్తాయి. నేను పడవలు చేసేవాణ్ణి, ఆవిడ బాజియాలు అమ్మే మనిషి. పదహారేళ్ళుగా పొగ గురించీ చప్పుడు గురించీ పోట్లాడుకుంటూనే ఉన్నాం, ఇంకా తేలలేదు.

ఆ బాజియాల మాట వేరే చెప్పాలి. అలసందలు నానేసి, తెల్లారకముందే పొట్టు తీసి రుబ్బి, ఉల్లిపాయా పచ్చిమిరపా కలిపి కొబ్బరినూనెలో వేయిస్తుంది. రొట్టె చీల్చి మధ్యలో నాలుగు కూరి చేతిలో పెడుతుంది. సముద్రం అంచున మా ముతివా ఇసుకదిబ్బ మీద నూటనలభైమూడు ఇళ్ళు. పొద్దున్నే ఆవిడ మూకుడు ముందు మనిషిని నిలబెట్టని ఇల్లు ఒక్కటీ లేదు. కొసరు అడిగితే ఒకటి వేస్తుంది, దాంతోపాటు ఒక తిట్టూ వేస్తుంది. తిట్టు లేకుండా కొసరు వేసిందంటే ఆ రోజు ఒంట్లో బాగాలేదన్నమాట. మనిషి పొట్టి. పొద్దున్నే ముసీరో చెక్క అరగదీసి ముఖమంతా తెల్లగా పూసుకుంటుంది. గొంతు మాత్రం దేవుడు ఏ పడవ సరంగుకో ఇవ్వబోయి పొరపాటున ఆవిడకి ఇచ్చేశాడు.

ఆ ఇంట్లో ఇంకో గొంతు కూడా ఉంది. అత్తగారు, బీబీ మునేమా. దిబ్బ మీద యాభై ఏళ్ళ లోపు వాళ్ళని అందరినీ భూమ్మీద వేసింది ఆవిడ చేతులే, నన్ను కూడా. బొడ్డు కోసేది, స్నానం పోసేది, ఏడవని బిడ్డకి వీపు మీద ఒకటి వేసేది. జైతూనక్క మొగుడు జ్వరంతో పోయి పదకొండేళ్ళయింది. పిల్లల్లేరు. పుట్టింటివాళ్ళు వచ్చి రమ్మన్నారు.

"ఈ ముసలిదానికి నోట్లో పళ్ళు లేవు. నా బాజియాలు తప్ప ఇంకేం మింగుతుంది?" అని అత్త ముందే అనేసి ఉండిపోయింది.

"నేనాపానా? వెళ్ళు. నూనైనా మిగుల్తుంది," అంది బీబీ.

రోజంతా వాళ్ళిద్దరిదీ ఇదే వరస. ఏ పూటైనా ఆ గొంతులు వినపడకపోతే నేనూ మా ఆవిడ రాబియా మా పిల్లాడూ కంగారుపడి దడి మీంచి తొంగి చూస్తాం.

తుఫాను కమిటీలోకి జైతూనక్క ఎలా వెళ్ళిందని అడుగుతారేమో, బాజియాలు అమ్ముకోవడానికి వెళ్ళింది. పట్నం నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చి మడ అడవి అవతల మిట్ట మీదున్న బడిలో మీటింగు పెట్టింది. మగాళ్ళంతా గోడకి ఆనుకుని తలలు వంచుకున్నారు. "ఈ మైకు ఎవరు పట్టుకుంటారు?" అని ఆవిడ మూడుసార్లు అడిగింది. వెనకనుంచి జైతూనక్క, "ఎవరో ఒకరు పట్టండయ్యా, నా బాజియాలు చల్లారిపోతున్నాయి," అంది. ఆ గొంతు విన్న ఆఫీసరమ్మ మైకు తీసుకెళ్ళి తిన్నగా ఆవిడ చేతిలోనే పెట్టింది. మైకుతోపాటు నారింజరంగు చొక్కా, ఈల, ఒక సైకిలు, మూడు జెండాలు. నీలం ఎగిరితే గాలి దూరంలో ఉందని, పసుపు ఎగిరితే రేపటికి వస్తుందని, ఎరుపు ఎగిరితే ఇక కాళ్ళకి పనిచెప్పమని.

ఆఫీసరమ్మ మంచి మనిషే. కానీ ఒకచోట ఆగకండి, నడుస్తూనే చెప్పండి, నాలుగు ముక్కల్లో చెప్పండి అని నేర్పింది. ఆవిడ ఊళ్ళో అది చెల్లుతుందేమో. మా దిబ్బ మీద నడుస్తూ చెప్పేవాళ్ళు దోమతెరలవాడు, ఓట్లవాడు, పంటిమందు అమ్మేవాడు. నిజమైన కబురు తెచ్చిన మనిషి చెప్పులు దడి బయట విడుస్తాడు, వచ్చి చాప మీద కూర్చుంటాడు, ఒంట్లో ఎలా ఉందంటాడు, కర్రపెండలం ఎలా ఉందంటాడు, నీళ్ళు తాగుతాడు, అప్పుడు చెప్తాడు. నిలబడి చెప్పిన మాటని మేం చెవిలో కూడా వేసుకోం. మా తాతల నుంచి ఇంతే.

చావు కబురు ఒక్కదానికే పద్ధతి వేరు. ఆ కబురు తెచ్చిన మనిషి చెప్పుల్లేకుండా వస్తుంది, చాప వదిలేసి వట్టి నేల మీద కూర్చుంటుంది. నీళ్ళు ముట్టదు, నోరు తెరవదు. పోయినవాళ్ళ పేరు పలకకూడదు, అది ఇంటివాళ్ళే గ్రహించుకోవాలి. గ్రహించినవాళ్ళు లేచి తలా రెండిళ్ళకి వెళ్ళి అలాగే కూర్చుంటారు. అన్నం ఉడికేలోపు దిబ్బ చివరిదాకా తెలిసిపోతుంది. చావు లేకుండా అలా కూర్చున్నవాళ్ళని నేనెరగను. కూర్చుంటే, కూర్చున్నవాళ్ళ ఇంట్లోంచే నేల ఒకరిని అడుగుతుందని పెద్దవాళ్ళు అంటారు.

మా శ్మశానం దిబ్బ మీద లేదు, ఇసుకలో గొయ్యి నిలవదు కదా. మడ అడవి దాటి గంట నడిస్తే ఎర్రమట్టి మిట్ట. బడి, మసీదు, మందులిచ్చే గది, గోరీలు, అన్నీ అక్కడే. నడిచే బాట పాటుకి తేలుతుంది, పోటుకి మునుగుతుంది. అమావాస్య పోటుకైతే బాట మీద నిలువులోతు నీళ్ళు.

నేను చెప్పబోయే తుఫానుకి రెండేళ్ళ ముందు కూడా ఆవిడ ఎర్రజెండా ఎగరేసింది. అప్పుడు కొత్త మోజు, అందరం వెళ్ళాం. రెండు రోజులు బడిలో ఒకరి మోకాళ్ళు ఒకరి వీపుల్లో పెట్టుకుని పడుకున్నాం. గాలి దక్షిణానికి తిరిగిపోయింది, మాకు చినుకు కూడా పడలేదు. తిరిగొచ్చేసరికి ఎవరో దొంగవెధవలు పడవలో వచ్చి మూడు వలలూ, నా రంపాలూ ఎత్తుకుపోయారు. ఎండుచేపలు లోపల పెట్టినవి పెట్టినట్టే పురుగుపట్టాయి. ఆ రోజునుంచి ఆవిడకి "చినుకమ్మ" అని పేరు. పెట్టింది నేనే, దాచడం దేనికి. ఆవిడ జెండా కర్ర పట్టుకుని వెళ్తుంటే, "చినుకమ్మా, ఇవాళ గొడుగు తెచ్చుకోమంటావా?" అని దడి మీంచి అడిగేవాణ్ణి.

అసలు రోజు సంగతికి వస్తాను. అంతకు ముందురోజు పసుపు జెండా ఎగిరింది, ఎవరూ తల ఎత్తి చూడలేదు. తెల్లారేసరికి ఎరుపు ఎగిరింది. సముద్రం చూస్తే నూనె పోసినట్టు నున్నగా ఉంది. పైగా కవళ్ళ చేపలు ఒడ్డుకి తోసుకొచ్చాయి. అటుమానే అనే మా అలివి వల పెద్ద ఇరవైమందిని పెట్టి వల లాగిస్తున్నాడు, ఆడవాళ్ళు గంపలతో ఒడ్డున ఉన్నారు. అలాంటి పొద్దున చేపల్ని వదిలి మిట్టెక్కమంటే ఎవడు వింటాడు?

జైతూనక్క నారింజచొక్కా వేసుకుని ఈల ఊదుతూ, మైకులో అరుస్తూ దిబ్బ ఈ చివరనుంచి ఆ చివరకి నడిచింది. "సాయంత్రానికి గాలి. సముద్రం దిబ్బ మీదికి వస్తుంది. రెండుకల్లా బాట మునుగుతుంది. ఇప్పుడే బయలుదేరండి." 

"అక్కా, మైకు ఇటివ్వు, చేపలు వేలం వేస్తాను," అన్నాడు అటుమానే. ఇరవైమందీ నవ్వారు.

"నవ్వండి. చేపలు కూడా నవ్వుతాయి రేపు, మిమ్మల్ని తింటూ," అని తిరిగి అందే గానీ ఆ మాటలో ఎప్పటి పదును లేదు. నా వాకిలి దాటుతున్నప్పుడు నేను పడవ పలకల మధ్య నార కుక్కుతున్నాను. ఆరునెలల పని ఆ పడవ, ఇంకో పదిరోజుల్లో నీళ్ళలోకి దించాలి. గొడుగు మాట ఆ రోజు కూడా అడిగాను. ఆవిడ ఆగి నా వైపు చూసింది. తిడుతుందని కాసుకుని కూర్చున్నాను. తిట్టకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత దడి అవతల జరిగింది నేను వినలేదు. తర్వాత బీబీ చెప్పింది, పదిసార్లు చెప్పింది, చెప్పినప్పుడల్లా తన వంతు కాస్త పెంచి చెప్పింది. పెంచింది తీసేస్తే ఇదీ జరిగింది.

జైతూనక్క మైకు మూలకి విసిరింది. బీబీ టీలో బాజియా ముంచుకుని చప్పరిస్తోంది.

"దాన్నెందుకే కొడతావు, పాపం."

"ఎవరూ కదలట్లేదత్తా. సముద్రంలో గాలి ఎంతుందో పట్నం నుంచి ఫోన్లో చెప్పారు. ఇళ్ళు ఉండవంట. దిబ్బే ఉండదంట. వీళ్ళేమో చేపలు ఏరుకుంటన్నారు."

"ఎందుకు కదుల్తారు? నడుస్తూ అరిచావుగా."

"మరేం చెయ్యమంటావు? నూటనలభైమూడు ఇళ్ళు. ఒక్కో ఇంట్లో కూర్చుని కర్రపెండలం క్షేమం అడిగి చెప్పేసరికి ఎల్లుండవుద్ది. రెండుకి బాట మునిగాక పిలిచినా లాభం లేదు. గాలి లేచాక పడవా వెయ్యలేరు."

బీబీ చేతిలో బాజియా ముగించింది. అయిపోయాక వేళ్ళు తుడుచుకుని, "అయితే నేల మీద కూర్చో," అంది.

"ఎవరు పోయారని?"

"నేనున్నాగా."

"నోరు ముయ్యత్తా. పొద్దున్నే ఏం మాటలవి? నేల అడుగుద్ది."

"అడగనీ. ఎనభైమూడు నాకు. అడక్కపోయినా ఇచ్చుకునేదే. ఈ దిబ్బ మీద పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ ఈ చేతుల్తో బయటికి లాగాను. ఇప్పుడు సముద్రం లోపలికి లాక్కుంటా ఉంటే టీ తాగుతా కూర్చోమంటావా? సైకిలు తియ్యి."

"నేను చెయ్యలేనత్తా. నిజంగా నీకేమన్నా అయితే నేనేం కావాలి?"

"అప్పుడు నూనె మిగుల్తుందని ఏడు. ఏడుపు మొహంతో వెళ్తేనే మంచిది, చూసినవాళ్ళు నమ్ముతారు."

నేను చూసింది ఇది: ఎనిమిదింటికి జైతూనక్క సైకిలు తోసుకుంటూ బయటికొచ్చింది. వెనక బీబీ, తెల్ల కపులానా గుడ్డలో తలనుంచి కాళ్ళదాకా చుట్టుకుని, కోడలి వీపు మీద వాలిపోయి ఉంది. "బీబీకేమైందక్కా?" అన్నాను. "మిట్టకి తీసుకెళ్తున్నాను," అంది. మిట్ట మీద మందుల గదికి తీసుకెళ్తోందనుకున్నాను. మడ అడవి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

పదింటికి ఆవిడ తిరిగొచ్చింది. సైకిలు లేదు, నారింజచొక్కా లేదు, కాళ్ళకి చెప్పులు లేవు. ముఖం మీద ముసీరో కన్నీళ్ళకి చారలు కట్టింది. తిన్నగా మా వాకిట్లోకొచ్చి, నేను చెక్కి పడేసిన పేళ్ళ మధ్య వట్టి నేల మీద కూర్చుంది. రాబియా నీళ్ళచెంబుతో వచ్చింది, చూసింది, చెంబు కింద పెట్టేసి, "అయ్యో వదినా," అని ఆవిడ పక్కన కూలబడింది. నా చేతిలో సుత్తి ఎప్పుడు జారిందో నాకు తెలియదు. నన్ను మొదట ముట్టుకున్న చేతులు పోయాయి అన్న మాట ఒక్కటే తెలుస్తోంది.

ఆవిడ నోరు తెరవలేదు. నిజమే, ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఇప్పటికీ అదే అంటుంది, "నేనేమన్నా అన్నానా?" అని. నేల మీద కూర్చోవడం మాట కాదా తల్లీ? ఆ మాటకొస్తే అంతకంటే పెద్ద మాట మా దగ్గర ఏముంది?

రాబియా రెండిళ్ళకి వెళ్ళింది, నేను రెండిళ్ళకి వెళ్ళాను. నేను కూర్చున్న ఇళ్ళవాళ్ళు ఇంకో రెండిళ్ళకి వెళ్ళారు. కబురు ఒడ్డుకి చేరేసరికి అటుమానే వల సగంలో వదిలేశాడు, పడ్డ చేపలన్నీ పోయాయి. పోటు రాకముందే పాతిపెట్టాలి కాబట్టి ఎవరూ ఆలస్యం చెయ్యలేదు. చావుకి వెళ్ళేటప్పుడు మా ఆడవాళ్ళు ఒట్టిచేతులతో వెళ్ళరు. బియ్యం, గిన్నెలు, చాపలు, కట్టుకునే బట్టలు అన్నీ తలకెత్తుకున్నారు. మంచంపట్టిన ముసలాళ్ళు ఇద్దరుంటే వాళ్ళూ వస్తామన్నారు. "నా బిడ్డలు ఆరుగురినీ మునేమాయే తీసింది, నన్ను మోసుకెళ్ళండ్రా," అని ఒకావిడ కర్రతో మంచం కోడు బాదితే మంచంతోనే ఎత్తారు. పదకొండయ్యేసరికి దిబ్బంతా మడబాట మీద ఉంది. జైతూనక్క ఒక్కతే చివరిదాకా వెళ్ళి, ప్రతి గుడిసెలోకీ తొంగి చూసుకుంటూ అందరికంటే వెనక వచ్చింది. చావుకి ఎవరు రాలేదో చూసుకుంటోంది కాబోలనుకున్నాం.

మిట్ట ఎక్కేసరికి బడి అరుగు మీద, స్తంభానికి ఆనుకుని, బీబీ మునేమా బాజియా తింటోంది.

ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళు దేవుణ్ణి తలుచుకుంటూ వెనక్కి పడ్డారు. వెనక ఉన్నవాళ్ళు ముందుకి తోశారు. ఒక బియ్యం గిన్నె దొర్లిపోయింది. బీబీ అందరినీ చూసి, "ఏంటలా చూస్తారు? ఎండలో నడిచొచ్చారు, కూర్చోండి," అంది.

జైతూనక్క జనం మధ్యలోంచి వచ్చింది. అరుగు మీద చాప పరుచుకుని కూర్చుంది. గొంతు చాలా తగ్గించి, వెనకవాళ్ళు మెడలు చాచి వినేటంత చిన్నగా, "ఒంట్లో ఎలా ఉంది అందరికీ?" అని మొదలుపెట్టింది. "సాయంత్రానికి గాలి వస్తుంది. పొద్దున్నుంచీ చెప్పాను, మీరు వినలేదు. నేను చేసింది తప్పే. తిట్టండి, కొట్టండి. కానీ ఇక్కడుండి తిట్టండి."

ముందు మాట్లాడింది నేనే. ఏమన్నానో ఇక్కడ రాయను, ఆ మాటలు అచ్చులో బాగుండవు. నన్ను ఏడిపించింది. చిన్నపిల్లాడిలా దారంతా ముక్కు తుడుచుకుంటూ నడిపించింది. నా పడవ పలకలు ఇంకా బిగించలేదు, మా నాన్న వాడిన బాడిశ వాకిట్లోనే పడుంది, పోయినసారిలాగే ఏ దొంగవెధవో ఎత్తుకుపోతాడు. "నేను వెళ్తున్నాను. వచ్చేవాళ్ళు రండి," అన్నాను. అటుమానే లేచాడు, వాడి వల అక్కడే ఉంది మరి. మొత్తం పదకొండుమందిమి. పన్నెండు దాటింది, బాట ఇంకా పొడిగానే ఉంది. మేం వెళ్తే మా వెనక సగం ఊరు వస్తుందని నాకు తెలుసు. జైతూనక్కకీ తెలుసు. చేతులు జోడించి అడ్డమొచ్చింది. నేను ఆవిడని పక్కకి నెట్టాను. అవును, నెట్టాను.

బాట మొదట్లో రెండు పక్కలా మోకాలిలోతు బురద, మధ్యలో ఒక మనిషి పట్టేంత గట్టినేల. మేం అరుచుకుంటుండగా బీబీ కర్ర పొడుచుకుంటూ ఎప్పుడు దిగిందో, ఆ గట్టినేల మీద అడ్డంగా చాప పరుచుకుని పడుకుని ఉంది. శవాన్ని పడుకోబెట్టినట్టే కాళ్ళు చాపి, కపులానా గుండెల దాకా కప్పుకుంది.

"చావుకి వచ్చారుగా," అంది, కళ్ళు తెరవకుండానే. "ఇదిగో, నేనే. పాతిపెట్టి వెళ్ళండి. తీరికలేదంటే దాటి వెళ్ళండి."

"లే బీబీ. ఆటలొద్దు," అన్నాను.

"నేను లేవను."

నేను కాలెత్తాను. ఇది చెప్పకుండా ఈ కథ చెబితే నేను మనిషిని కాను. ఆ ముసలిదాన్ని దాటడానికి కాలెత్తింది అటుమానే కాదు, ఇంకెవరూ కాదు, నేను.

బీబీ కళ్ళు తెరిచి ఆ కాలి వైపు చూసింది. "దాటు మొలీదె. పుట్టినప్పుడు కూడా నువ్వు ముందు కాళ్ళే పెట్టావు. నిన్ను తిప్పడానికి నాకు ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. మీ అమ్మ బతకదనుకున్నారు. నేను వదల్లేదు. దాటు, ఏం పర్లేదు."

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే దాటేవాణ్ణేమో. కాలు దించాను. పక్కనుంచి ఒకడు బురదలోకి దిగబోయాడు. రాబియా గబగబా వచ్చి, నా వైపు కూడా చూడకుండా, బురదలోనే బీబీ పక్కన పడుకుంది. ఆవిడ పక్కన అటుమానే పెళ్ళాం, ఆవిడ పక్కన ఇంకొకరు. చావుకి కట్టుకొచ్చిన తెల్లబట్టలు అన్నీ నల్లగా అయ్యాయి. మేం పదకొండుమంది మగాళ్ళం ఎక్కడివాళ్ళం అక్కడ కూర్చుండిపోయాం.

ఒంటిగంటకి వాన మొదలైంది. అప్పటికి కూడా బీబీ లేవలేదు. బాట మీదికి నీళ్ళొచ్చి చాప అంచు తడిసినప్పుడు మాత్రం, "ఇక లేపండి," అంది. నేనే వీపు మీద వేసుకుని బడిలోకి మోసుకొచ్చాను. ఏమీ బరువు లేదు. "ఎముకలు గుచ్చుకుంటున్నాయి, మీ ఆవిడ నీకు తిండి పెట్టదా?" అని దారంతా సణిగింది. ఆ సణుగుడు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

గాలి సంగతి నేను చెప్పను. ఆ గోడల మధ్య ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకి చెప్పినా తెలియదు. మసీదు కప్పు పోయింది, బడి కప్పు సగం పోయింది, మేం మిగిలిన సగం కింద ఉన్నాం. తెల్లవారి బయటికొచ్చి చూస్తే మడ అడవి పడుకుని ఉంది. దాని అవతల దిబ్బ లేదు. ఇళ్ళు పోయాయని కాదు, దిబ్బే లేదు. నా పడవ ఉన్న చోట, అటుమానే వల ఆరేసే చోట, జైతూనక్క పొయ్యి ఉన్న చోట కెరటాలు విరుగుతున్నాయి.

జైతూనక్క బయటికి రాలేదు. కప్పు మిగిలిన గదిలో ఒక మూల కూర్చుంది. నారింజచొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది. ఒళ్ళో కమిటీ పుస్తకం, చేతిలో పెన్సిలు. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది లేరు అని రాసి పట్నానికి పంపాలి. రాయాలంటే ఒక్కొక్కరి ముందుకీ వెళ్ళి అడగాలి, అడగడానికి ఆవిడకి ముఖం చెల్లలేదు. రాబియా వెళ్ళి పిలిస్తే, "నేల మీద కూర్చుని మోసం చేసినదాన్ని. ఇక నా నోట ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు? ఈ చొక్కా ఎవరికన్నా ఇచ్చెయ్యండి," అంది.

అప్పుడు అటుమానే వెళ్ళాడు. వాడికి మిగిలింది ఒకటే చెప్పు, దాన్ని గుమ్మం బయట విడిచాడు. లోపలికి వెళ్ళి ఆవిడ ముందు చాప మీద కూర్చున్నాడు.

"ఒంట్లో ఎలా ఉందక్కా?"

ఆవిడ తలెత్తి చూసింది. "బానే ఉంది."

"కర్రపెండలం ఎలా ఉంది?"

దిబ్బ మీద కర్రపెండలం దిబ్బతోనే పోయింది. ఆ మాటకి అక్కడ ఎవరూ నవ్వలేదు. "బానే ఉంది," అంది ఆవిడ. వాడు నీళ్ళు తాగాడు. తాగి, "మా ఇంట్లో తొమ్మండుగురం. తొమ్మండుగురం ఉన్నాం," అన్నాడు.

ఆవిడ రాసుకుంది. వాడు లేచాడు, ఇంకొకడు చెప్పులు విడిచాడు. ఆ రోజు సాయంత్రం దాకా అంతే. ఇంటికొకరు వచ్చి కూర్చున్నారు, ఒంట్లో ఎలా ఉందన్నారు, కర్రపెండలం ఎలా ఉందన్నారు, నీళ్ళు తాగారు. నలుగురం, నలుగురం ఉన్నాం. ఏడుగురం, ఏడుగురం ఉన్నాం. మంచం మీద వచ్చిన ముసలావిడ మంచం మీదే వచ్చి చెప్పింది. ఎవరూ తొందరపడలేదు. ఒక్కరు కూడా నిలబడి చెప్పలేదు.

నేను అందరికంటే ఆఖరున వెళ్ళాను. నెట్టిన చేతులు కదా, ముందు వెళ్ళే ధైర్యం లేదు. కూర్చున్నాను. ఒంట్లో ఎలా ఉందని అడగబోతుంటే ఆవిడే, "ఎంతమంది?" అంది. "ముగ్గురం," అన్నాను. "ఉన్నారా?" అంది. "ముగ్గురం ఉన్నామక్కా," అన్నాను. ఇక అక్కడ కూర్చోలేకపోయాను. గుమ్మం దగ్గరికొచ్చి వెనక్కి చూస్తే, ఆవిడ వేలితో వరసలు లెక్కపెట్టుకుంటోంది.

"ఎన్నయ్యాయే?" అంది బీబీ గోడ పక్కనుంచి.

"నూటనలభైరెండు."

"ఒకటి తక్కువ."

"మనదేలే అత్తా. మనది నాకు తెలుసుగా."

బీబీ కర్ర అందుకుని లేచింది. నన్ను పక్కకి జరగమని గుమ్మం దాటి బయటికొచ్చింది. కాళ్ళకున్న చెప్పులు ఒకటొకటిగా విడిచి, మళ్ళీ లోపలికి వెళ్ళి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కోడలి ముందు చాప మీద కూర్చుంది.

"ఒంట్లో ఎలా ఉంది?" అంది.

"బానే ఉందత్తా."

"కర్రపెండలం ఎలా ఉంది?"

జైతూనక్క చెంబు అత్త ముందుకి జరిపింది. బీబీ నీళ్ళు తాగి చెంబు కింద పెట్టింది.

"మా ఇంట్లో ఇద్దరం," అంది. "ఇద్దరం ఉన్నాం. రాసుకో."